గూడెం లేని గుడి చరిత్ర

కోస్తా జిల్లాల్లో ఏ పాత ఆర్.సి.ఎం. గుడికి పోయినా ఒక పుస్తకం దొరుకుతుంది. రజతోత్సవానికో, స్వర్ణోత్సవానికో, శతాబ్ది ఉత్సవానికో వేసిన ప్రత్యేక సంచిక అది. మొదటి పేజీలో పోపుగారి ఫోటో. తర్వాత మేత్రాణుల ఆశీస్సులు. తర్వాత శాసనసభ్యులవారి శుభాకాంక్షలు. ఆ తర్వాత నాలుగైదు పేజీల్లో 'మన దేవాలయ చరిత్ర'. ఫలానా ఏడు ఫలానా దొరస్వామి ఎడ్లబండి మీద వచ్చారు, స్థలం సంపాదించారు, తాటాకు పాకలో పూజ మొదలుపెట్టారు. ఆయన తర్వాత వచ్చినవారు పక్కా గుడి కట్టించారు. ఆ తర్వాతివారు గంట తెప్పించారు. ఇంకొకరు ప్రహరీ, మరొకరు టైల్సు. చివర విచారణ గురువుల జాబితా, దాతల జాబితా. అక్కడికి చరిత్ర అయిపోతుంది.

పుస్తకం మూసి తలెత్తి చూస్తే గుడి నిండా జనం. పుస్తకంలో మాత్రం ఆ జనమంతా 'విశ్వాసులు' అన్న ఒక్క మాటగా మిగిలారు. వాళ్ళు ఏ పల్లె నుంచి వచ్చారు, ఎవరి పొలంలో కూలి చేశారు, ఎందుకు ఈ గుడి మెట్లెక్కారు, ఎక్కాక లోపల ఎక్కడ కూర్చున్నారు, చచ్చాక ఎక్కడ పడుకున్నారు - ఈ ప్రశ్నలకు జాబితాల్లో జవాబు లేదు.

ఈ 'విశ్వాసులు' అన్న మాట మీదే మా విమర్శ. గుడి మీద కోపంతో రాస్తున్నది కాదిది. అక్షరం నేర్చింది ఆర్.సి.ఎం. బడి అరుగు మీదే, మా ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కింది మేమే. ఆ బాకీ ఉంది కాబట్టే అడుగుతున్నాం. సంచిక భక్తితో ఒక వాక్యం రాస్తుంది: క్రైస్తవంలో కులం లేదు. అదే వాక్యం సర్కారు ఉత్తర్వుగా, కోర్టు తీర్పుగా రాస్తుంది. ఈ రెండు వాక్యాల మధ్య నలిగిపోయేది దళిత క్రైస్తవులు. అందుకని గుడి చరిత్ర ఎట్లా రాస్తున్నామన్నది ఉత్సవ కమిటీ వ్యవహారం కాదు, హక్కుల వ్యవహారం.

మామిడి తోటల మధ్య

మాది నూజివీడు వైపు. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కాలవ నీళ్ళు డెల్టాను బంగారం చేశాయి గానీ మా మెట్టకు ఎక్కలేదు. ఇక్కడ అప్పారావుల జమీందారీ, ఆ తర్వాత మామిడి. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి - నూజివీడు పేరు దేశమంతా పాకింది ఈ పళ్ళతోనే. 1948 చట్టంతో జమీందారీ పోయింది. మా గూడేనికి మాత్రం తోట రాలేదు. తోటలో పని వచ్చింది. పూత మీదే తోటను గుత్తకు కొనే షావుకారు ఒకడు, తోట ఆసామి ఒకడు. ఇద్దరి మధ్యా కాపలా పాకలో రాత్రిళ్ళు గడిపేది మా వాళ్ళు. దోటి పట్టి కాయ కోసేదీ, గంపల్లో గడ్డి పరిచి సర్దేదీ, లారీకి ఎత్తేదీ మా వాళ్ళే. పండు పేరు ఊరిది, కూలి పేరు ఎవరిదీ కాదు.

ఊరి గుడి కూడా అంతే. మా నాయనమ్మ ఆ గుడికి ఇటుకలు మోసింది. పగలు తోటలో కూలి, చీకటి పడ్డాక పెట్రోమాక్స్ లైటు కింద గుడి పని. ఆ పనికి కూలి లేదు, దేవుడి పని. గూడెంలో పెద్దవాళ్ళని గుడి ఎప్పుడు కట్టారంటే సంవత్సరం చెప్పరు. దివిసీమ ఉప్పెనకు ఎంతో ముందు అంటారు. ఎవరికి పెళ్ళయిన ఏడు పునాది తీశారు, ఎవరి కడుపులో ఎవరుండగా గోడలు లేచాయి, ఏ దూలం ఏ తోటలోంచి వచ్చింది, ఆ దూలం కోసం ఎవరు ఆసామి కాళ్ళు పట్టుకున్నారు - ఇట్లా చెప్తారు. ఇది చరిత్ర కాదా? మా ఊరి చిన్న సంచికలో మాత్రం 'ఫాదరుగారు కట్టించారు' అని ఉంది. కట్టించినవారికి పేరుంది. కట్టినవారికి లేదు.

ఒక చిన్న మాటలో ఎంత పెద్ద కులం దాక్కుంటుందో చూడండి. గుళ్ళో మేం 'విశ్వాసులం'. గుడి బయట ఊరివాళ్ళు అదే గుడిని 'పల్లెలో గుడి' అంటారు. గుడికి కులం లేదని సంచిక రాస్తుంది. దానికి కులం ఉందని దారినపోయేవాడికి కూడా తెలుసు.

రెండు రకాల మాయం

దళితులు గుడి చరిత్రలోంచి మాయమయ్యే పద్ధతులు రెండున్నాయి. కృష్ణకు దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి.

దక్షిణాన ఫిరంగిపురం చూద్దాం. గుంటూరు జిల్లాలో పేరుమోసిన కథోలిక గ్రామం. 18వ శతాబ్దంలో రాయలసీమ వైపు క్రైస్తవం తీసుకున్న రెడ్డి కుటుంబాలు తూర్పుకు కదిలి ఫిరంగిపురం, రెంటచింతల లాంటి చోట్ల స్థిరపడ్డాయి. 1773లో జెస్విట్ సభను రోము రద్దు చేశాక గురువులు కరువైనా ఆ కుటుంబాలు మతాన్ని నిలుపుకున్నాయి. తర్వాత మిల్‌హిల్ సభ గురువులు వచ్చారు. వారిలో డీక్‌మన్ స్వామి కాలంలో, 1891లో, బాలయేసు దేవాలయం పూర్తయింది. ఇవన్నీ నిజాలే, చెప్పుకోదగ్గవే. కానీ ఈ కథ కుటుంబాల పేర్లతో మొదలై గురువు పేరుతో ముగుస్తుంది. అంత పెద్ద కట్టడానికి రాయి కొట్టిందెవరు, సున్నం నూరిందెవరు, అదే గుడిలో అదే పూజకు వచ్చిన మాల మాదిగలు ఎవరు - ఈ కథలో వాళ్ళకి జాగా లేదు. పైకులం క్రైస్తవులున్న చోట చరిత్రంతా వాళ్ళ వంశవృక్షమై కూర్చుంటుంది. దళితులు దాని నీడలో 'మిగతా విశ్వాసులు' అవుతారు.

ఇది అనుకోకుండా జరిగింది కాదు. మొదటి నుంచీ విధానమే అది. 1606లో మదురై చేరిన రాబర్ట్ డి నోబిలి కాషాయం కట్టి, బ్రాహ్మణ సన్యాసిలా బతుకుతూ పైకులాలకు క్రైస్తవం చెప్పాడు. కొత్త క్రైస్తవులు జంధ్యం, పిలక, చందనం ఉంచుకోవచ్చని 1623లో రోము ఒప్పుకుంది. పైకులాలకు సన్యాసి గురువులు, కింది కులాల దగ్గరికి కూడా పోగలిగే పండారస్వాములు వేరు. 1700ల మొదట్లో ఫ్రెంచి జెస్విట్‌లు కర్నాటక మిషన్ పేరుతో పుంగనూరు వైపు నుంచి తెలుగు నేలలోకి వచ్చినప్పుడు ఇదే సన్యాసి పద్ధతి తెచ్చారు. సన్యాసి వేషం నిలవాలంటే గూడెం తొక్కకూడదు.

దీని మీద పెద్ద తగాదాయే నడిచింది. 1704లో పుదుచ్చేరిలో పోపు ప్రతినిధి టూర్నన్ ఒక ఆదేశం ఇచ్చాడు. చావుబతుకుల్లో ఉన్న పరయల ఇళ్ళకు పోయి సంస్కారాలు ఇవ్వమని గురువులకు చెప్పిన మాట అందులో ఉంది. చెప్పాల్సి వచ్చిందంటే పోవడం లేదనే కదా అర్థం! నలభై ఏళ్ళు నానిన ఈ తగాదా 1744లో పోపు 14వ బెనెడిక్టు కాలంలో ఒక రాజీకి వచ్చింది. పరయల కోసం ప్రత్యేకంగా వేరే గురువుల్ని పెడతామన్నారు, రోము సరేనంది. అంటే అంటరానివాళ్ళకు అంటగలిగే గురువులు. క్రైస్తవంలో కులం లేదనేవాళ్ళు ఈ రెండు తేదీలకు జవాబు చెప్పాలి. కులం గుడిలోకి చాటుగా చొరబడిన దొంగ కాదు. కాగితం మీద సంతకంతో, అనుమతితో వచ్చిన చుట్టం.

ఇక కృష్ణకు ఉత్తరం, అంటే మా వైపు. ఇక్కడ కథ వేరు. ఈ ప్రాంతం 1851లో ఏర్పడ్డ హైదరాబాద్ వికారియేట్ కింద ఉండేది. 1855 నుంచి ఇటలీలోని మిలాను సభ గురువులు వచ్చారు. 1937లో బెజవాడ వేరే మేత్రాసనం అయింది. దాన్నుంచి 1976లో ఏలూరు విడిపడింది. మా పల్లెల్లో రెడ్డి కథోలికులు లేరు. గుడంటే మాల పల్లె, మాదిగ గూడెం. దాచటానికి ఇక్కడ ఇంకో కులం లేదు. అయినా మేం మాయమయ్యాం. ఎట్లా? చరిత్రను విదేశీ గురువు అడుగుపెట్టిన రోజు నుంచి మొదలుపెట్టడం ద్వారా. ఆయన రాకముందు మేం లేం. ఆయన వచ్చి మమ్మల్ని కనుగొన్నాడు. మేం పొందినవాళ్ళమే గాని అడిగినవాళ్ళం కాదు.

వాస్తవం దీనికి తలకిందులుగా ఉందనటానికి పక్క సంఘాల చరిత్రే సాక్ష్యం. 1841లో బందరు చేరిన సి.ఎం.ఎస్. మిషనరీలలో నోబుల్ దొర చూపంతా పైకులాల కుర్రాళ్ళ చదువు మీదే. కృష్ణా జిల్లాలో ఆ మిషను తిరుగు తిప్పింది రాఘవాపురం మాల పెద్ద వెంకయ్య. 1859లో జ్ఞానస్నానం తీసుకున్న ఈయన తనంతట తాను వెతుక్కుంటూ పోయినవాడు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీల దగ్గరికి 1866లో వచ్చిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ళ వ్యాపారి. ఆయన కూడా పిలవకుండా వచ్చినవాడే. 1878 జులై 3న, కరువు చివర్లో, ఒక్కరోజే 2,222 మంది జ్ఞానస్నానం తీసుకున్నారంటే దాని వెనక ఇట్లాంటి మనుషుల నడక ఉంది. గంజి కోసం మారారని ఎగతాళి చేసేవాళ్ళు ఒకటి మర్చిపోతారు. కరువు పన్నెండేళ్ళు లేదు. పేరయ్య కరువుకు పదేళ్ళ ముందే వచ్చాడు.

వెంకయ్య, పేరయ్య పేర్లు ప్రొటెస్టెంటు చరిత్రల్లో మిగిలాయి. మేం చదివిన ఆర్.సి.ఎం. సంచికల్లో అట్లాంటి పేర్లు లేవు. మొదటి గురువు పేరుంది, మొదట పిలిచిన పెద్దమనిషి పేరు లేదు. ఊరూరా తిరిగి జపాలు నేర్పి, బడి చెప్పి, గురువుకు దారి చూపిన ఉపదేశి 'ఒక ఉపదేశి' అయ్యాడు. ఆయన భార్య అది కూడా కాలేదు.

గుణదల కొండ కింద

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మా వైపు జనం గుణదల పోతారు. తోటలు పూత మీదుండి కోత ఇంకా మొదలుకాని రోజులవి. చేతిలో డబ్బులుండవు గాని తీరిక ఉంటుంది. బెజవాడ పక్కన ఆ కొండ గుహలో 1924లో లూర్దు మాత స్వరూపాన్ని నిలిపింది అర్లాటి స్వామి. ఇటాలియను గురువు, అక్కడి సెయింట్ జోసఫ్ సంస్థకు పెద్ద. కొండ కింది గుడి 1971లో ప్రతిష్ఠ అయింది. 2024కి నూరేళ్ళు నిండాయి. తలనీలాలిస్తారు, కొబ్బరికాయ కొడతారు, కొవ్వొత్తి వెలిగిస్తారు. హిందువులూ వస్తారు, పైకులాలవాళ్ళూ వస్తారు.

పత్రికలు ఏటా ఒకే మాట రాస్తాయి: కులమతాలకు అతీతంగా. ఆ మూడు రోజులూ అది అబద్ధం కాదు. కొండ మెట్ల మీద తోట ఆసామి పక్కనే తోట కాపలావాడు ఎక్కుతాడు. మేమూ చూశాం, సంతోషించాం కూడా. కానీ 12వ తేదీ పొద్దున బస్సు దిగాక ఆసామి ఊళ్ళోకి పోతాడు, కాపలావాడు గూడెంలోకి పోతాడు. మాత దగ్గరికి వచ్చిన ఆసామి మా ఊరి గుళ్ళో అడుగుపెట్టడు, ఎందుకంటే అక్కడుండే మాతది మా పల్లె. ఒకే తల్లి. కొండమీద ఆమెకు కులం లేదు, పల్లెలో ఆమెకు కులం అంటుకుంది. గుణదల చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండో సగం కూడా రాస్తే తప్ప మొదటి సగం పూర్తి కాదు.

పేరుకున్న తోక

కులం ఎక్కడ బతికుందో చూడటానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పేర్లు చదివితే చాలు. తెలుగు కథోలికుల పేర్లు అందమైనవి. పేతురు అంటే రాయి కాబట్టి రాయప్ప. పౌలు చిన్నప్ప అయ్యాడు. ఇగ్నేషియస్ ఇన్నయ్య అయ్యాడు, జేవియర్ శౌరయ్య అయ్యాడు, జోసఫ్ జోజయ్య అయ్యాడు. లూర్దు నుంచి లూర్దమ్మ. దూరదేశాల పునీతులు మన నోళ్ళలో నాని మనవాళ్ళయ్యారు.

అయితే అదే పునీతుడు ఒక ఇంట్లో ఇన్నారెడ్డి, ఇంకో ఇంట్లో ఇన్నయ్య. ఊరివాళ్ళ నోట్లో ఆ ఇన్నయ్యే 'ఇన్నిగాడు'. శౌరెడ్డి, చిన్నపరెడ్డి, జోజిరెడ్డి - జ్ఞానస్నానపు నీళ్ళు తల మీద పడ్డా తోక తడవలేదు. పైకులం క్రైస్తవుడికి కులం పేరులో గౌరవంగా ఉంటుంది. దళిత క్రైస్తవుడికి కులం పిలుపులో తిట్టుగా ఉంటుంది. వాళ్ళు కులం నిలుపుకున్నా క్రైస్తవులే. మేం కులం పోయిందంటేనే క్రైస్తవులం!

దీనికి ఇంకో ముడి ఉంది. మాలో చాలామందికి రెండు పేర్లు. గుళ్ళో ఒకటి, బళ్ళో ఒకటి. జ్ఞానస్నాన పుస్తకంలో రాయప్ప, హాజరుపట్టీలో రాంబాబు. ఎందుకో పాఠకులకు చెప్పక్కర్లేదు. గుడి రికార్డులో మా కులం లేదు, సర్కారు రికార్డులో మా మతం లేదు. ఊళ్ళో మాత్రం రెండూ ఉన్నాయి.

1985: రెండున్నర నెలలు

1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులు కానివారిని షెడ్యూల్డ్ కులాల నుంచి బయటపెట్టింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ తలుపు తీశారు. క్రైస్తవులకూ ముస్లిములకూ తీయలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్ళు బీసీ-సి, వాటా 1 శాతం.

1985 జులై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగల మీద పడి ఆరుగురిని చంపారు. పల్లె పల్లె చీరాలకు పారిపోయింది. ఆ పల్లెలో క్రైస్తవులు ఎందరున్నారో గొడ్డళ్ళు అడగలేదు. అదే ఏడు సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పిచ్చింది. సూసై మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఆది ద్రావిడుడు, క్రైస్తవుడు. చెప్పులు కుట్టేవాళ్ళకు సర్కారు ఇచ్చే బంకు ఆయనకు రాలేదు. కోర్టు ఏమంది? మతం మారాక కూడా కులం ఉందని చూపితే చాలదు. ఆ కులం వల్ల కలిగే అణచివేత కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా ఉందని చూపాలి. అట్లా చూపే ప్రామాణికమైన, వివరమైన అధ్యయనం మా ముందు లేదు, అంది.

ఈ మాటను చదివినప్పుడల్లా మాకు సంచికలు గుర్తొస్తాయి. అధ్యయనం లేదట! రెండున్నర వందల ఏళ్ళ రికార్డులున్న సంస్థ దగ్గర అధ్యయనం ఎందుకు లేదు? తమిళనాడు వడక్కన్‌కుళం గుళ్ళో కులాల మధ్య గోడ కట్టిన సంగతి, తిరుచిరాపల్లి సమాధుల తోటలో గోడ సంగతి లోకానికి తెలుసు. 1982లో తిరుచిరాపల్లిలోనే కథోలిక మేత్రాణుల మహాసభ కులాన్ని పాపమని ఖండించింది. 2003లో పోపు 2వ జాన్ పాల్ తమిళనాడు మేత్రాణులతో అదే చెప్పాడు. 2016లో మేత్రాణుల సమాఖ్య దళిత విధానం ప్రకటించి, దేశంలో కోటీ తొంభై లక్షల కథోలికుల్లో కోటీ ఇరవై లక్షల మంది దళితులని లెక్క చెప్పింది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని మొదటి దళిత కార్డినల్ అయ్యారు. పైన ఒప్పుకుంటూనే ఉన్నారు. కింద, విచారణ స్థాయిలో, ఊరి గుడి చరిత్రలో మాత్రం ఆ ఒప్పుకోలు ఒక్క వాక్యంగా కూడా దిగలేదు. కోర్టుకు కావలసిన సాక్ష్యం ఆ ఊరి చరిత్రలోనే ఉండేది.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకీ మతానికీ ముడి తెంపమంది. 2022 అక్టోబరులో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా అడుగుతూ తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు జిల్లా పాస్టర్ ఒకరు పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. క్రైస్తవుడైన రోజే ఎస్సీ హోదా పోయింది, చేతిలో సర్టిఫికెట్ ఉన్నా ఆ చట్టం రక్షణ రాదు, క్రైస్తవంలో కులానికి చోటు లేదు - ఇదీ వాదన. చివరి ముక్క మన సంచికల్లోదే. కులం పేరుతో తిట్టినవాడికి, కొట్టినవాడికి ఇంతకన్నా మంచి వకీలు దొరుకుతాడా?

మనలో మన మాట

ఇక్కడ ఆగితే మేం కూడా సగం చరిత్రే రాసినట్టు. మా గుళ్ళలోనూ మాల బల్లలు, మాదిగ బల్లలు ఉన్నాయి. మాలల గుడి, మాదిగల గుడి వేరువేరుగా ఉన్న ఊళ్ళున్నాయి. ఎవరు ఏ మిషనులో చేరారన్నది చాలా చోట్ల పక్క పల్లె ఎటు పోయిందో చూసి తేల్చుకున్నదే. ఒకే సంస్కారం తీసుకునే రెండు పల్లెల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఎన్నిసార్లు జరిగింది? రెడ్డి క్రైస్తవుణ్ణి అడిగే ప్రశ్న మనల్ని మనమూ అడుక్కోవాలి.

మన ఉద్యమాల లోపమూ ఉంది. ఎర్రజెండా మిత్రులు గుడిని మత్తుమందు అని వదిలేశారు. దళిత ఉద్యమం కారంచేడు తర్వాత చాలా లోతుగా ఆలోచించింది గాని, ఆదివారం పొద్దున మన జనం ఎక్కడుంటారో అక్కడికి పెద్దగా పోలేదు. హిందూ మతతత్వవాదులు 'మతమార్పిడి కుట్ర' అంటుంటే మనం రిజర్వేషన్ పోతుందన్న భయంతో మౌనంగా ఉన్నాం. మౌనం మన తాతల ఎంపికను మనమే చిన్నబుచ్చటం. వాళ్ళు మోసపోయి పోలేదు. తలెత్తి కూర్చునే ఒక జాగా కోసం పోయారు. ఆ జాగా పూర్తిగా దొరకలేదన్నది వేరే సంగతి.

ఎట్లా రాయాలి

ప్రతి విచారణలోనూ మూడు పుస్తకాలుండాలని చర్చి చట్టమే చెప్తుంది: జ్ఞానస్నానం, వివాహం, మరణం. పాతవి చాలావరకు లాటిన్‌లో ఉంటాయి. గుడి చరిత్ర ఇక్కడ మొదలవ్వాలి. జ్ఞానస్నాన పుస్తకంలో బిడ్డ పేరుతోపాటు జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి పేర్లుంటాయి. ఎవరి బిడ్డకు ఎవరు జ్ఞానతండ్రిగా నిలబడ్డారు? రెడ్డి జ్ఞానతండ్రి మాల బిడ్డకు నిలబడ్డ దాఖలా ఎన్ని? వివాహ పుస్తకంలో పల్లె దాటిన పెళ్ళి, కులం దాటిన పెళ్ళి ఎన్ని? మరణ పుస్తకం చేతపట్టుకుని సమాధుల తోటలో నడిస్తే ఎవరు ఏ మూల ఉన్నారో తెలుస్తుంది. కరువు ఏడు ఎందరు పోయారో, ఏ ఈడు పిల్లలు పోయారో తెలుస్తుంది. ఏ జాబితాకూ ఇంత చెప్పే శక్తి లేదు.

అయితే జాగ్రత్త. ఇదే పుస్తకం మన మీదికే కత్తిగా తిరుగుతుంది. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీకి ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరించినప్పుడు చూసిన సాక్ష్యాల్లో ఆమె జ్ఞానస్నానపు నమోదు కూడా ఉంది. అదీ ఒక లూర్దు మాత గుడిలోది. అంటే పుస్తకం తెరవకపోతే అణచివేతకు సాక్ష్యం లేదు. తెరిస్తే మనిషి దొరికిపోతాడు. మా నాయనమ్మ పేరు అచ్చువేయాలని ఎంత ఆశ ఉన్నా మేం వేయకపోవడానికి కారణం ఇదే. ఆమె పేరు పట్టుకుని మనవల దాకా రావడం ఎవరికీ పెద్ద పని కాదు.

కాబట్టి మా సూచన ఇది. బతికున్నవాళ్ళ కుటుంబాల పేర్లు వద్దు, లెక్కలు వేద్దాం. పదేళ్ళ చొప్పున జ్ఞానస్నానాలు ఎన్ని, పల్లెవారీగా ఎన్ని, జ్ఞానతల్లిదండ్రుల కులం ఏది, సమాధుల వరస ఏది. ముసలివాళ్ళు బతికుండగానే వాళ్ళ నోటి చరిత్ర రాసుకుందాం, ముఖ్యంగా ఆడవాళ్ళది. లాటిన్ చదవగల గురువులు కొందరైనా ఈ పనికి కలిసొస్తారన్న నమ్మకం మాకుంది. దళిత గురువులు, కన్యస్త్రీలు ఇప్పుడు ఎందరో ఉన్నారు. వాళ్ళకి ఈ బాధ మాకన్నా ఎక్కువ తెలుసు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. సెలవులకు మీ ఊరు పోయినప్పుడు గుడి సంచిక తీసి దాతల జాబితా వరకూ చదవండి. తర్వాత గూడెంలో పెద్దవయసు ఆమె ఎవరైనా ఉంటే ఆమె దగ్గర కూర్చుని, ఈ గుడికి రాళ్ళు ఎవరు మోశారమ్మా అని అడగండి. ఆమె చెప్పింది రాసుకోండి. కమిషన్ల ముందుకి, కోర్టుల ముందుకి మనం తీసుకుపోవాల్సిన అధ్యయనం అక్కడ మొదలవుతుంది. వచ్చే జూబిలీకి చరిత్ర రాసే కలం ఎవరి చేతిలో ఉండాలో కూడా అక్కడే తేలుతుంది.